గోదమ్మ చేసిన ఏకాదశి

లోభి పిల్లికి కూడా బిచ్చం పెట్టడంటారు. నేను అంతకంటే ఘనురాలిని. పిల్లికి సూది పెట్టి బిచ్చం మానేశాను. ఒక ఏకాదశి పూట ఆదోనిలో నా చేతి మీదుగా జరిగిన ఆ ఘనకార్యం ఇప్పుడు చెప్పబోతున్నాను. నవ్వుకోండి, నాకేం కోపం లేదు. మధ్యలో ఎక్కడైనా మీ నవ్వు ఆగిపోతే ఆ తప్పు కూడా నాదే.

అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. నేను ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి కోడలిగా వచ్చి కొన్నేళ్ళయింది. మా మామది పత్తి వ్యాపారం. ఇంటికి ముందు అంగడి, వెనక పత్తిగింజల గోదాము, గోదాములో ఎలుకలు, ఎలుకల మీద అధికారిణిగా గోదమ్మ. గోదమ్మ మా అత్త పెంచిన పిల్లి. మాది మాంసం ముట్టని ఇల్లు కాబట్టి దానికి పాలు, పెరుగన్నం, పండగపూట భక్ష్యాలు. గోదాములో ఏం తింటుందో మేం అడిగేవాళ్ళం కాదు, అదీ చెప్పేది కాదు. ఏకాదశి నాడు మాత్రం అత్త దాన్ని సామాన్ల గదిలో పెట్టి గడియ వేసేది. పుణ్యదినాన తన పిల్లి జీవహింస చేయకూడదట. ఇల్లంతా ఉపవాసం కాబట్టి దానికీ ఉపవాసమే. మర్నాడు ద్వాదశి పారణ మొదట దానికే. ఆదోని మొత్తంలో ఏకాదశి చేసే పిల్లి మా ఇంట్లోనే ఉందని అత్త గొప్పగా చెప్పుకునేది.

అత్తకు చక్కెర రోగం వచ్చింది. మద్రాసు నుంచి రైల్లో ఇన్సులిన్ బుడ్లు తెప్పించి, డాక్టరు దగ్గర నేర్చుకొని, మామే రోజూ ఆమెకు సూది వేసేవారు. ఉపవాసాలు మానాలని డాక్టరు చెప్పాడు. మానేశానని అత్త మాకు చెప్పింది. అంత జాగ్రత్తగా చూసుకున్నా ముక్కోటి ఏకాదశి నాడు పోయింది. ఎముకలు కొరికే చలిలో, దేవుడి గదిలో, ఒళ్ళంతా చెమటతో తడిసి కూర్చుని ఉంది. మామ వెళ్ళి పలకరిస్తే, పెళ్ళయిన నాటి నుంచి మొగుణ్ణి ఒక్కసారి కూడా నువ్వు అనని మనిషి, "ఎవరప్పా నువ్వు?" అని అడిగింది. డాక్టరు వచ్చేలోపే ప్రాణం పోయింది.

ఏకాదశి మరణం, ద్వాదశి దహనం, అందులోనూ వైకుంఠం తలుపులు తెరిచే రోజు, ఇంతకంటే ఏం కావాలని ఊరంతా చేతులెత్తి మొక్కింది. దేవుణ్ణి చూసిన కళ్ళకు మొగుడు ఆనతాడా అని మా వీధి ఆడవాళ్ళు తేల్చేశారు. మామ ఆ మాట పట్టుకునే బతికారు. గోదమ్మను ఒళ్ళో కూర్చోబెట్టుకొని, వచ్చిన ప్రతివాళ్ళకూ ఆ పుణ్యమరణం గురించి చెప్పేవారు. చెప్పినంతసేపూ ఆయన ముఖం తేటగా ఉండేది.

ఎండాకాలం వచ్చేసరికి గోదమ్మ చిక్కిపోసాగింది. తొట్టిలో తల పెడితే తీసేది కాదు, అన్ని నీళ్ళు తాగేది. దాని కోసం రేకులో పోసి ఉంచిన బూడిదలో అది ఒంటికి పోసిన చోట చీమలు బారులు తీరేవి. "మీ అత్త రోగమే దీనికీ వచ్చినాదమ్మా," అన్నారు మామ. ఆ పిల్లి కూడా పోతే ఆయన ఒళ్ళో ఏం మిగులుతుందని నాకు దిగులు పట్టుకుంది.

ఐదో తరగతి దాకా చదివిన తెలివి ఊరుకుంటుందా? డాక్టరు దగ్గరకు పోయి మా పిల్లికి చక్కెర రోగమన్నాను. ఆయన నవ్వి నవ్వి కళ్ళద్దాలు తుడుచుకొని, అది పోసినది పట్టుకురమ్మన్నాడు. చెప్పడం ఎంతసేపు. బూడిద తీసేసిన ఖాళీ రేకు పెట్టి, చేత గరిటె పట్టుకొని పగలంతా దాని వెనక తిరిగాను. నేను చూస్తుంటే అది కానివ్వదు. నేను చూడకపోతే గరిటెకు అందదు. చివరికి దానికే జాలేసింది. డాక్టరు దాన్ని నీలం మందులో వేసి కాస్తే, నీలం కాస్తా పచ్చబడి, పసుపై, ఇటుక రంగుకు తిరిగింది, చక్కెర మెండుగా ఉందన్నమాట. ఆయన నవ్వు అక్కడే ఆగింది.

"సిరంజి మీద ఒక్క గీత, అంతకు మించొద్దు. తినిపించకుండా సూది వెయ్యొద్దు. వణుకు పుట్టినాదంటే నోట్లో బెల్లం పెట్టు. మీ మామకు గూడా అప్పట్లో ఇదే సెప్పింటి," అన్నాడు.

అత్త సిరంజి ఇంట్లోనే ఉంది. తడి ఇసుకలో పాతిన కుండలో మిగిలిన బుడ్లూ ఉన్నాయి. మామ సిరంజి చేతిలోకి తీసుకొని, మళ్ళీ పెట్టేసి, తన వల్ల కాదన్నారు. నేను వేశాను, గోదమ్మ గీరింది. పొద్దున్నే పెరుగన్నం, ఆ వెంటనే సూది, ఆ వెంటనే గీరుడు, ఇది మా నిత్యపూజ అయింది. కొన్నాళ్ళకు డాక్టరు మందు పచ్చరంగు దగ్గరే ఆగిపోయింది. పిల్లికి ఒళ్ళొచ్చింది, నాకు పొగరొచ్చింది. వీధిలో వాళ్ళు నన్ను పిల్లి డాక్టరమ్మ అంటే, అది వెక్కిరింపని తెలియక మురిసిపోయాను.

తొలి ఏకాదశి వచ్చింది. అత్త పోయాక ఇంట్లో ఆగిపోయిన ఏకాదశి ఉపవాసాలు ఆ రోజు నుంచే మళ్ళీ మొదలుపెట్టాను. పొయ్యి వెలిగించలేదు. అత్త నడిపిన ఆచారం నా హయాంలో తప్పకూడదు కదా. అలవాటు చొప్పున సిరంజి కాచి, గీత చూసి, గోదమ్మకు సూది వేశాను. అత్త అలవాటు చొప్పున దాన్ని గదిలో పెట్టి గడియ వేశాను. ఆ రెండింటికీ ముందు ఒక పెరుగన్నం ముద్ద ఉండాలన్న సంగతి నా ఐదో తరగతి పుస్తకంలో లేదు. చేసిన పనికి నన్ను నేనే మెచ్చుకొని, మామకు వినపడేట్టు గొంతెత్తి విష్ణునామాలు చదువుకున్నాను.

మధ్యాహ్నం గదిలో డబ్బా పడిన చప్పుడైంది. తలుపు తీస్తే గోదమ్మ కల్లు తాగినట్టు తూలుతోంది. నోటి నుంచి చొంగ కారుతోంది, వెనకకాళ్ళు కొట్టుకుంటున్నాయి. మామ పరుగున వచ్చి "గోదా" అన్నారు. ఆ గొంతు వింటే గోడ దూకి వచ్చే పిల్లి, ఆయన్ను ఎన్నడూ ఎరగనట్టు చూసింది. మామ దాని తల ఒళ్ళోకి తీసుకున్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇంతవరకూ చేసింది చాలదని అప్పుడు నోరు తెరిచాను. ఆయన్ను ఓదార్చాలనే అన్నాను, నమ్మండి.

"ఏడవొద్దు మామా. ఏకాదశి పొద్దు. అచ్చం అత్త మాదిరే పోతాంది. పుణ్యాత్మురాలు."

మామ మెల్లగా నా వైపు తిరిగారు. "పొద్దున దీనికి కూడు పెట్టినావా?"

"ఏకాదశి గదా మామా."

"సూది?"

"వేస్తి మామా."

"బెల్లం తే," అన్నారు.

మర్నాటి పారణ పాయసానికి కొట్టిపెట్టిన బెల్లం ఉంది. నీళ్ళలో కరిగించి తెచ్చాను. మామ వేలితో దాని చిగుళ్ళకు రాశారు. కారిపోయింది. మళ్ళీ రాశారు. కాసేపటికి నాలుక కదిలింది, తల లేచింది. ఇంకాసేపటికి గోదమ్మ లేచి కూర్చుని, మామ వేలు నాకి, నన్ను చూసి గుర్రుమంది. నన్ను గుర్తుపట్టిందని నేను ఏడుస్తూనే నవ్వాను. మామ నవ్వలేదు. గిన్నెలో మిగిలిన బెల్లం నీళ్ళనే చూస్తున్నారు.

"ఆ పొద్దు తింటివా అని మీ అత్తను అడిగితి. అటుకులు తింటి అనె. నేను సూది వేస్తి," అన్నారు. గిన్నె పక్కకు జరిపి, "బెల్లం ఇంట్లోనే ఉండె గదమ్మా," అన్నారు.

అత్త మా అందరికీ చెప్పకుండా ఉపవాసం ఉందన్నమాట. ఊరు చేతులెత్తి మొక్కిన ఆ మరణం ఒక బెల్లంముక్కతో ఆగేదన్నమాట. పిల్లిని చంపబోయిన పాపం బెల్లంతో పోయింది. మామకు మిగిలిన ఒక్క ఊరటను నేను నా నోటితోనే లాగేశాను. దానికి విరుగుడు ఏ డాక్టరూ చెప్పలేదు.

ఆ పూట మామ నా చేత పొయ్యి వెలిగించారు. గోదమ్మ ముందు నేల మీద కూర్చుని, దానికి పెట్టి తనూ పెరుగన్నం తిన్నారు. కన్నీళ్ళు కారుతుంటేనే తిన్నారు. ఆ తర్వాత ఎవరొచ్చినా అత్త మరణం గురించి మాట్లాడలేదు. గోదమ్మ తిన్నాకే సూది వేయించుకుంటూ ఇంకొన్నాళ్ళు బతికి, ఏ పుణ్యమూ లేని ఒక నవమి నాడు, కడుపునిండా తిని నిద్రలో పోయింది. ఎవరూ మొక్కలేదు. మామ మాత్రం దాని తల నిమిరి, నవమే మంచిదమ్మా అన్నారు.

కాబట్టి మీ అందరి సాక్షిగా ఒట్టు వేస్తున్నాను. ఇక ఏ పిల్లికీ సూది వేయను. చావులో పుణ్యం ఉందని ఎవరినీ ఓదార్చను. ఏకాదశి ఉపవాసం ఆనాడే మానేశాను, ఇకముందూ ఉండను. అందుకని వైకుంఠంలోకి నన్ను రానివ్వకపోతే పోనీ, వాకిలి దగ్గరే నిలబడి అత్తను బయటికి పిలుస్తాను. పోయేటప్పుడు కొంగుకు ఒక బెల్లంముక్క కట్టుకొనే పోతాను. ముందు అది ఆమె నోట్లో పెట్టి, తర్వాత పోట్లాడతాను.