కోయని తేనెపట్టు

నల్లమలలోని ఒక చెంచుపెంటలో, అంటే చెంచుల గూడెంలో, నేను బడి పంతులుగా ఉన్నప్పుడు, తేనె తీసే తాత ఒకాయన ఉండేవాడు. ఆయన బావమరిది పైన తాడు పట్టుకుంటే, "జర జరుగుండ్రి తల్లీ" అని ఈగలతో చెప్పి, నిటారు బండ మీదుగా లోయలోకి దిగేవాడు.

వానలు లేని ఆ ఏడు అడవిలో పూత రాలేదు. ఆయన ఇంట్లో గింజలు కూడా లేవు. ఒక రోజు పట్టు కోసం దిగినవాడు చాలాసేపటికి ఖాళీ బుట్టతో పైకొచ్చాడు.

"పట్టు లేదా తాతా?" అన్నాను.

"ఒక్కటే ఉన్నది సారూ. నిండుగున్నది."

"మరి కొయ్యలే?"

"గది గూడ కోస్తె ఈగలు యాడికి బోతయి? మనకు గడ్డలన్న దొరుకుతయి."

బావమరిది తాడు చుట్టాడు. ఇద్దరూ గడ్డలు తవ్వడానికి బయలుదేరారు. నేను లోయలోకి తొంగిచూశాను. ఆకలితో అంత లోతుకు దిగి, తేనెను ముట్టకుండా వచ్చిన ఆ మనిషి వెనకే నడిచాను.