గిన్నె వైద్యం

నాన్న పోయాక అమ్మ ఏడవలేదు. నిద్రా పోలేదు. పొదిలి పక్క మా ఊళ్ళో, మిరపకాయలకి తొడిమలు తీసే పనికి కూడా వెళ్ళకుండా గోడకి ఆనుకుని కూర్చునేది. మాత్రలు వాడాం. పాస్టరు గారు ప్రార్థన చేశారు. చుట్టాలొచ్చి, ఏడిస్తే బరువు తగ్గుతుందని సలహా ఇచ్చి, కాఫీలు తాగి వెళ్ళారు. మనిషి దక్కదేమోనని భయమేసి మంగళగిరిలో నా దగ్గరికి తెచ్చుకున్నాను.

మా ఆఫీసులో ఒకావిడ ఉంది. ఫలానా శబ్దం వింటే తగ్గిపోతుందని, ఏ రోగానికైనా ఆవిడ దగ్గర హెర్ట్జులు ఉంటాయి. తలనొప్పికి ఒక నంబరు, మొగుడి మీద కోపానికి ఇంకో నంబరు. నాద చికిత్స చేసే హాలు గురించి ఆవిడే చెప్పింది. ఏ పుట్టలో ఏ పాముందో అని అమ్మని తీసుకెళ్ళాను.

ఏసీ, అగరొత్తులు, నేల మీద చాపలు. చాప మీద పడుకోవడానికి ఇంత దూరం రావాలా అని అమ్మ అడగలేదు గానీ, నాకే అనిపించింది. గురువుగారు ఎంత నెమ్మదిగా మాట్లాడతారంటే, ఆయన వాక్యం పూర్తయ్యేలోపు కల్లంలో పండు మిరపకాయ ఎండిపోతుంది. మన ఒంట్లో కణాలన్నీ శ్రుతి తప్పాయట. ఆయన చేతిలో ఉన్న ఇత్తడి గిన్నె వాటిని సరిచేస్తుందట. అలాంటి గిన్నెతో మా ఇంట్లో బియ్యం కొలుస్తారు.

అందరం కళ్ళు మూసుకున్నాం. గిన్నె మీద ఒక దెబ్బ. మోత పూర్తిగా ఆరిపోయాక ఇంకొకటి. అదీ ఆరాక మరొకటి.

అమ్మ లేచి కూర్చుని, కొంగు నెత్తి మీదికి లాక్కుంది.

"ఎవరు పోయార్రా?"

మా పేటలో పుట్టినవాళ్ళెవరైనా అదే అడుగుతారు. ఆరాధనకైతే చర్చి గంట గబగబా మోగుతుంది. ఎవరైనా పోతే ఒక్కో దెబ్బే, ఆగి ఆగి. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ ఆ గంట కొట్టింది నాన్నే. ఆయన పోయిన రోజు ఆ తాడు పట్టుకోవాలని ఎవరికీ తోచలేదు. మైకులో చెప్పేసి ఊరుకున్నారు.

"ఎవరూ పోలేదమ్మా," అన్నాను.

"మీ నాన్న పోయాడు కదరా. ఊరందరికీ కొట్టాడు. ఆయనకి ఒక్కరూ కొట్టలేదు."

అని ఎలుగెత్తి ఏడ్చింది. డబ్బిచ్చి ప్రశాంతత కొనుక్కున్నవాళ్ళు పక్క చాపల మీంచి మమ్మల్ని కొరకొరా చూశారు. గురువుగారి మొహం మాత్రం వెలిగిపోయింది. హృదయ చక్రం తెరుచుకుందని, ఇంకొన్ని సిట్టింగులు పడితే చాలని అన్నారు. నేను కాదనలేదు. ఆ గిన్నె మోగకపోతే అమ్మ నోరు విప్పేది కాదు, ఆ పుణ్యం ఆయనకే పోనీ.

సిట్టింగులు మానేసి మర్నాడే ఊరికి బస్సెక్కాం. పాస్టరు గారిని అడిగి తాడు పట్టుకున్నాను. గంట కొట్టడం నాకు రాదు. మొదటి దెబ్బ మోగుతుండగానే రెండోదానికి తాడు లాగబోయాను.

"ఆగు. మోత ఆరనీ," అంది అమ్మ.

ఆగి కొట్టాను. పక్క కల్లంలో కాయలు ఏరుతున్న ఆడవాళ్ళు పని ఆపి, ఎవరు పోయారని కేకేశారు.

"మా ఆయనమ్మా," అని అమ్మే జవాబు చెప్పింది.

ఆ మధ్యాహ్నం అమ్మ గురకపెట్టి నిద్రపోయింది. అది ఎన్ని హెర్ట్జులో మా ఆఫీసావిడని అడగాలి.