హెలెన్ వెతికిన నాయనమ్మ

ఈ ఉదయం రియాద్‌ను దుమ్ము కమ్మేసింది. ఆస్పత్రి కిటికీలోంచి చూస్తే ఎదురుగా ఉన్న పార్కింగ్ కూడా కనపడలేదు. డ్యూటీకి ముందు మా విశ్రాంతి గదిలో, కేరళ నుంచి కొత్తగా వచ్చిన నర్సు ఒకామె వరసగా తుమ్ముతూ బ్యాగులోంచి నీలగిరి తైలం సీసా తీసి, వేడినీళ్ళ కప్పులో రెండు చుక్కలు వేసుకుంది. ఆ ఘాటు ముక్కుకు సోకగానే నా చేతిలోని టీ బల్ల మీద పెట్టేశాను. నేను ఈ ఆస్పత్రిలో చేరిన కొత్తలో, దుమ్ము రేగిన రోజుల్లో ఈ గదంతా ఇదే వాసన వేసేది. అప్పుడు ఆ సీసా హెలెన్‌ది. ఆస్ట్రేలియాలో తమ పొలం చుట్టూ ఈ చెట్లేనని, వాన పడి వెలిసాక ఇంట్లోకి వచ్చే వాసన ఇదేనని చెబుతుండేవారు.

హెలెన్ మా డయాలసిస్ విభాగానికి హెడ్ నర్సు. పొడగరి. ఎండకు కందిపోయిన మొహం, పొట్టిగా కత్తిరించుకున్న తెల్లజుట్టు. గొర్రెలు, గోధుమలు తప్ప మరొకటి లేని పల్లెలో పుట్టి పెరిగారు. మొదటిరోజు నేను అలవాటుగా 'మేడమ్' అంటే ఆపేసి, "మా ఊళ్ళో గొర్రెలు కూడా నన్ను పేరు పెట్టే పిలుస్తాయి, జయా" అన్నారు. అప్పటినుంచీ నోటితో హెలెన్ అనే పిలిచాను. తెలుగులో రాస్తుంటే మాత్రం కలం ఒప్పుకోవడం లేదు, 'అన్నారు' అనే వస్తోంది. రానిద్దాం.

చేరిన నెలలోనే ఆమె ఎలాంటి మనిషో నాకు తెలిసింది. ఎడారి వైపు నుంచి ఒక పెద్దాయనను తీసుకొచ్చారు. ఆయన మూత్రపిండాలు రెండూ పూర్తిగా చెడిపోయాయి. కొడుకులు మమ్మల్ని పక్కకు పిలిచి, కొద్ది వారాల్లో బాగైపోతుందని చెప్పమన్నారు. మేమంతా తలలూపాం. ఆ పెద్దాయన మాత్రం హెలెన్‌నే చూస్తూ, ఇవి మళ్ళీ పనిచేస్తాయా అని సూటిగా అడిగాడు. ఆమె కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చున్నారు. వచ్చీరాని అరబీలో, "చెయ్యవు బాబాయ్. ఇకనుంచి వారానికి మూడుసార్లు ఇక్కడికి రావాలి. వస్తే బతుకుతావు" అన్నారు. కొడుకుల మొహాలు మాడిపోయాయి. పెద్దాయన కాసేపు కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలచుకున్నాడు. తర్వాత, అయితే ఏయే రోజుల్లో రావాలో చెప్పమన్నాడు, తన ఒంటెల పని చూసుకోవాలి కదా అన్నాడు. ఆరోజు కొడుకులు పెట్టిన ఫిర్యాదుకు హెలెన్ వెళ్ళి సమాధానం చెప్పుకొచ్చారు. పెద్దాయన మాత్రం ఆ తర్వాత ఏ వారమూ ఖర్జూరాలు లేకుండా రాలేదు.

నాకు పెళ్ళి కాని రోజులవి. నర్సుల క్వార్టర్స్‌లో ఆమెది కింది అంతస్తు, నాది పై అంతస్తు. శుక్రవారం మధ్యాహ్నం నేను చిత్రాన్నం చేసి తీసుకెళ్తే, ఆమె గొర్రెమాంసం వండేవారు. భోజనమయ్యాక తన వంశం పని ముందేసుకునేవారు. వాళ్ళ దేశంలో పాత జననాలు, పెళ్ళిళ్ళు, మరణాల రికార్డులు ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో వెతుక్కోవచ్చు. దొరికినవన్నీ అట్టముక్కల మీద రాసి గోడకు అంటించేవారు. అన్నిటికంటే పైన, స్కాట్లండ్ నుంచి ఓడలో వచ్చిన గొర్రెల కాపరి. కిందికి వచ్చేకొద్దీ ఆయన పిల్లలు, వాళ్ళ పిల్లలు. మొదటి బిడ్డ పోతే రెండో బిడ్డకు అదే పేరు పెట్టుకున్న తల్లి ఉంది. పెళ్ళయిన అయిదు నెలలకే కాన్పయిన ఆమె ఉంది. "మా వంశంలో మొదటి కాన్పులన్నీ తొందరే" అని హెలెన్ నవ్వేవారు. ఒకచోట వరసగా కొన్నేళ్ళపాటు ఊళ్ళో ఒక్క పెళ్ళీ లేదు. ఎందుకని అడిగాను.

"వానలు లేవు. గొర్రెలు చచ్చిపోయాయి. గోధుమ పండలేదు. పెళ్ళి ఎలా చేస్తారు?"

మాది కడప జిల్లా. ఆ మాట నాకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. కరువుకు మా మేనత్త పెళ్ళి రెండుసార్లు వాయిదా పడిందని చెప్పాను. సముద్రాల అవతలి ఆ మనుషులు ఆరోజు నుంచి నాకు పరాయివాళ్ళనిపించలేదు.

గోడ మీద ఒకచోట మాత్రం ఖాళీ ఉండేది. హెలెన్ నాన్న రే. ఆయన పైన తల్లి ఎల్సీ. ఎల్సీ పుట్టుక ఉంది, పెళ్ళి ఉంది, ఆ తర్వాత ఏమీ లేదు. రే మూడేళ్ళ పిల్లాడిగా ఉన్నప్పుడు ఆమె, ఉన్ని కత్తిరించడానికి వచ్చిన కూలీ ఒకడితో వెళ్ళిపోయిందని ఇంట్లో చెప్పుకునే మాట. రే తండ్రి అప్పటికే యుద్ధానికి వెళ్ళాడు, తిరిగి రాలేదు. పిల్లవాణ్ణి ఎల్సీ అత్తగారే పెంచింది. ఆ ఇంట్లో ఎల్సీ పేరు ఎత్తేవారు కాదు. హెలెన్ పుట్టి పెరిగాక కూడా ఎత్తలేదు.

అలాంటిది, తొంభైకి దగ్గరపడిన వయసులో రే గుండెజబ్బుతో కొన్నాళ్ళు ఆస్పత్రిలో ఉండి ఇంటికి వచ్చాక, ఒకరోజు కూతురికి ఫోన్ చేసి, "మా అమ్మకు తర్వాత పిల్లలు పుట్టారేమో కనుక్కోగలవా? నాకు తమ్ముళ్ళో చెల్లెళ్ళో ఉండే ఉంటారు" అని అడిగారు. జీవితంలో మొదటిసారి ఆయన నోట 'అమ్మ' అన్న మాట విన్నానని హెలెన్ నాకు చెప్పారు.

అప్పటినుంచీ ఎల్సీ రెండో పెళ్ళి కోసం వెతుకులాట. ఆ రాష్ట్రంలో లేదు, పక్క రాష్ట్రంలో లేదు. ముసలితనంలో పోయి ఉంటుందని, ఆ కాలపు మరణాలన్నీ చూశారు. ఎక్కడా లేదు. ప్రతి శుక్రవారం కొత్త ఆశతో మొదలుపెట్టడం, సాయంత్రానికి కంప్యూటర్ మూసెయ్యడం. ఒక శుక్రవారం ఆమె విసిగిపోయి, "ఏం తల్లి ఈమె? కన్నబిడ్డ ఎలా ఉన్నాడో చూడ్డానికి ఒక్కసారైనా రాలేదు" అన్నారు.

ఆమెను ఓదార్చాలనో ఏమో, నా సంగతి చెప్పాను. నాకు అయిదేళ్ళప్పుడు మా అమ్మ పోయింది. నాకెవరూ చెప్పలేదు. 'ఊరికెళ్ళింది' అన్నారు. మా వైపు పిల్లలకు అలాగే చెబుతారు. బస్సు శబ్దం వినపడితే చాలు, అరుగు మీదికి పరిగెత్తేదాన్ని. బళ్ళో నా పక్కన కూర్చునే పిల్ల, మీ అమ్మ చచ్చిపోయింది కదా అనేదాకా నాకు తెలియదు.

హెలెన్ నావైపు అలాగే చూస్తుండిపోయారు. "పిల్లలకు అలా చెబుతారా?" అన్నారు మెల్లగా.

"మా దగ్గర అంతే. మీ దగ్గర చెప్పరా?"

ఆమె లేచి మళ్ళీ కంప్యూటర్ తెరిచారు. ఇన్నాళ్ళూ ఎల్సీ వెళ్ళిపోయి ఎక్కడో బతికే ఉందనుకుని, తర్వాతి కాలమే వెతుకుతూ వచ్చారు. వెళ్ళిపోయిందన్న ఆ ఏడాది మరణాలు ఒక్కసారి కూడా చూడలేదు. చూస్తే, ఉంది. పెళ్ళినాటి ఇంటిపేరుతోనే ఉంది. ఇల్లు వదిలిందన్న కొద్ది నెలలకే.

పూర్తి ధ్రువపత్రం తెప్పించారు. నగరంలోని క్షయ ఆస్పత్రిలో పోయింది. వాళ్ళ దేశంలో ఆ పత్రం మీద, పోయిన మనిషి సంతానం పేర్లు కూడా రాస్తారట. 'రే, మూడేళ్ళు' అని ఉంది. వివరాలు చెప్పింది ఎవరన్నచోట ఉన్నది ఎల్సీ అత్తగారి పేరు. అంటే ఆ పెద్దావిడ కోడలి దగ్గరకు వెళ్ళింది, దగ్గరుండి అన్నీ చూసింది, వచ్చి పసివాడికి వెళ్ళిపోయిందని చెప్పింది. ఎందుకలా చెప్పిందో చెప్పేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. క్షయ ఉన్న ఇంటినుంచి ఊళ్ళో ఎవరూ పాలు కొనరని భయపడిందేమో. మొదట ఊరికే 'వెళ్ళిపోయింది' అని ఉంటుంది, కూలీవాణ్ణి తర్వాత ఊరే జత చేసి ఉంటుంది. హెలెన్ ఆమెను ఒక్క మాట కూడా అనలేదు.

కానీ వారమైనా నాన్నకు ఫోన్ చెయ్యలేదు. డ్యూటీలో ఎవరికైనా ఎంతటి మాటైనా కళ్ళలోకి చూసి చెప్పే మనిషి, తన ఇంటి విషయం వచ్చేసరికి మంచం మీద కూర్చుండిపోయారు. "ఇన్నేళ్ళూ ఆ కోపమే ఆయన్ని నిలబెట్టింది జయా. అది తీసేస్తే ఏమవుతాడో. గుండె కూడా బాగాలేదు" అన్నారు.

"ఆయనే కదా అడిగారు. ఆ ఒంటెల పెద్దాయనకు మీరు ఎలా చెప్పారో అలాగే చెప్పండి."

"నువ్వు పక్కనుంటావా?"

ఉన్నాను. మాకు మధ్యాహ్నం, వాళ్ళకు సాయంత్రం. ఫోన్ తెర మీద రే వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. ముడతలు పడ్డ పెద్ద మొహం, తల మీద టోపీ. ముందు నన్ను చూసి, "ఈ అమ్మాయి ఎవరు? తిండి పెడుతున్నావా లేదా?" అన్నారు. హెలెన్ నవ్వలేదు. చెప్పారు. ఏమీ దాచకుండా, తొందరపడకుండా చెప్పారు. పత్రం మీద ఆయన పేరు ఉందని కూడా చెప్పారు.

ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టారు. వాళ్ళింట్లో ఫ్రిజ్ మోత మాకు వినపడుతోంది. హెలెన్ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"అమ్మ వెళ్ళిన ముందురోజు నేను కోళ్ళగూడు తలుపు తీసి వదిలేశాను" అన్నారు ఆయన. "నక్క వచ్చి కోళ్ళన్నిటినీ చంపేసింది. అమ్మ ఏడ్చింది. అందుకే నన్ను వదిలి వెళ్ళిందనుకున్నాను."

"లేదు నాన్నా."

"అయితే ఆమెకు నామీద కోపం లేదు."

"లేదు. జబ్బు చేసింది. అంతే."

ఆయన పెద్దగా ఊపిరి వదిలారు. ఎన్నేళ్ళుగానో మోస్తున్న గోధుమ బస్తాను అక్కడ దించినట్టే ఉంది ఆ ఊపిరి. కళ్ళు తుడుచుకుని, "ఎక్కడ పెట్టారో కనుక్కో. వెళ్ళి చూడాలి" అన్నారు. గుండె ఆగలేదు. పైగా ఆ రాత్రి హాయిగా నిద్రపోయానని మర్నాడు ఆయనే ఫోన్ చేసి చెప్పారట.

సమాధి దొరికింది. దాని మీద రాయి కూడా లేదు. పక్క పొలంవాళ్ళ కారులో వెళ్ళి ఆయనే రాయి వేయించారు. ఎల్సీ పేరు, దాని కింద 'రే అమ్మ' అన్న రెండే మాటలు. మరుసటి ఏడు హెలెన్ ఉద్యోగం మానేసి నాన్న దగ్గరకు వెళ్ళిపోయారు. ఆయన ఇంకా కొన్నేళ్ళు బతికి, తన పొలంలోనే, తన మంచం మీదే పోయారు. హెలెన్ ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంటున్నారు. వాన పడితే నాకు ఫొటో పంపుతారు.

రే మనసులోని బరువు దించుకోవడం చూసిన ఆ వారమే నేను ప్రొద్దుటూరుకు ఫోన్ చేసి మా పిన్నిని అడిగాను, అమ్మ ఎట్లా పోయిందని.

"ఇన్నేండ్లకు అడిగితివి మే" అంది పిన్ని. "నువ్వు అడగవు, మేము చెప్పము. అట్లే గడిచిపాయె. కూచో, చెప్తా."

ఆరోజు చాలాసేపు చెప్పింది. మా అమ్మకు పచ్చిచింతకాయలంటే ఇష్టమని, పాటలు రాకపోయినా పాడేదని కూడా అప్పుడే తెలిసింది. ఏడుస్తూనే తేలికపడ్డాను.

నిరుడు మా ఆస్పత్రిలో ఏసీలు బాగుచేసే రాజన్నకు ఇంటినుంచి కబురు వచ్చింది. జగిత్యాల వైపు మనిషి. అవసరానికి ఉంటుందని ఇంట్లో నా నంబరు ఇచ్చి ఉంచాడు. అతని అన్న నాకు ఫోన్ చేసి, "మేడం, మా అమ్మ పొద్దుగాల పోయింది. మావోనికి గిప్పుడే చెప్పకుండ్రి. సీరియస్ ఉన్నది, బయలెల్లు అని చెప్పుండ్రి సాలు. ఇంటికొచ్చినంక ఎట్లైనా ఎర్కైతది" అన్నాడు. గల్ఫ్‌లో ఇది అందరికీ తెలిసిన పద్ధతే. మనిషి దారిలో కూలబడకూడదని అలా చెబుతారు. అందులో ప్రేమే తప్ప మోసం లేదు.

రాజన్న నిచ్చెన దిగి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నేను రెండు కుర్చీలు దగ్గరగా జరిపాను. కూర్చోమన్నాను.

"రాజన్నా, అమ్మ పోయింది. పొద్దున పోయిందట" అన్నాను.

అతను నేల చూస్తూ కూర్చున్నాడు. నేను కదల్లేదు. అలా కూర్చోవడం నాకు ఎవరు నేర్పారో అతనికి తెలియదు. కాసేపటికి తల ఎత్తాడు.

"నిన్నటి సంది అనుమానమే ఉండె అక్కా. ఎవ్వల్నడిగినా మంచిగున్నది, మంచిగున్నది అంటుండ్రు." చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు. "చెప్పి మంచిపని జేసినవ్. లేకుంటే తొవ్వ పొడుగూత బతికున్నది, బతికున్నది అనుకుంట పోయేటోణ్ణి. ఇగ విమానంల కూసోని నిమ్మళంగ ఏడ్సుకుంట పోత."

సాయంత్రానికి కంపెనీ, ఊరికెళ్ళి తిరిగి రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ వీసా వేసింది. నేను అతని పెట్టె సర్దించి, విమానాశ్రయానికి వెళ్ళే కారు ఎక్కించి వచ్చాను.