వైరు అవతలి కొస

మా బావ పోయిండు. మా అక్క మొగడు. నాచారంల ఇంట్లనే, పొద్దుగాల చాయ తాగి, గ్లాసు కడిగి బోర్లిచ్చి, వాకిట్ల కుర్చీల కూసున్నడు. అక్క టిఫిన్ కు పిలిస్తే పలుకలే.

చర్చిల నలుగురు లేచి మాట్లాడిన్రు. భక్తిపరుడు అన్నరు. భక్తి సంగతి దేవునికెరుక, నాకు తెల్సిందల్లా ఆయన పాట అందుకుంటే పక్కోళ్లకు గూడ రాగం తప్పుతుండె. పని గురించి మాత్రం ఒక్కలు మాట్లాడలే. అందుకే నేను రాస్తున్న. నా సదువు ఐదో తరగతి కాడ ఆగింది. మన్మరాలు అక్షరాలు దిద్దుతానంటే దిద్దు అన్న, మాటలు ముట్టుకోవద్దని గూడ చెప్పిన.

మాది జనగామ అవతల పల్లె. బావ ముందుగాల వచ్చి నాచారంల లారీలకు కరెంటు పని జేసే షెడ్డుల కుదిరిండు, ఎన్క నన్ను పిలిపిచ్చిండు. గప్పుడు నాచారంల కార్ఖానలు కొత్తగ లేస్తున్నయి. ఒక షెడ్డుకు ఇంకో షెడ్డుకు నడుమ జొన్న చేన్లే. బావకు ప్లయరు జేబుల ఉన్నా వైరు తోలు పంటితోనే గీకేటోడు. ముందటి పంటికి సన్న గాడి పడ్డది. నవ్వితే అండ్ల నుంచి ఈల వచ్చేది. ఏ పని జేసినా ఆఖర్ల చేయి పెట్టి ఊపి సూసేటోడు. జర ఊగినా మొత్తం ఇప్పేటోడు. "లారీ డ్రైవరుకు మనం కనవడం. మన పనే కనవడతది" అనేటోడు. నేను పని నేర్చింది ఆయన కాడనే. నాచారంల నా అంత వైరింగ్ తెల్సినోడు ఇంకొకడు లేకుండె, ఆయన దప్ప.

పంతొమ్మిది వందల డెబ్బై దాటినంక ఒకనాడు ఒక సాబ్ లారీ మీద పడవ ఏసుకొని మా షెడ్డుకు వచ్చిండు. హుస్సేన్ సాగర్ల తెరచాప పెట్టి తిప్పే కట్టె పడవ, మస్తు పాతది. సాబ్ ఫౌజుల ఇంజనీరు పని జేసి దిగినోడు. దాన్ని బందరు తీస్కపోయి, భార్య, ఇద్దరు కొడుకులతోని సముద్రంల తిరగాల్నని ఆయన కోరిక. నీళ్ల లోతు జెప్పే మిషను, రేడియో, తెరచాప కొయ్య మీద పెట్టే దీపం, దిక్కు సూపే కంపాసు బొంబాయి నుంచి తెప్పిస్తున్నడు. పడవల తీగ ముక్క లేదు. అన్నిటికి బ్యాటరీ నుంచి వైర్లు లాగాలె.

"బావా, మనకు లారీలే ఎరుక. సముద్రం ఎప్పుడన్న సూసినవా?" అని అడిగిన.

"మూసీ సూసిన."

"గది సముద్రమా?"

"లారీకి పన్నెండు వోల్టులే, దీనికి పన్నెండు వోల్టులే. కరెంటుకు ఈత రాకున్నా ఫికర్ లేదు, నువ్వు వైరు పట్టు."

లారీల ఒక లెక్క ఉంటది. దీపం కాడికి పోయేది ఒక్క వైరే. మళ్ల ఎన్కకు వచ్చే కరెంటు బండి ఇనుము మీద నుంచే వస్తది. బాడీ అంటం దాన్ని. కట్టె పడవకు బాడీ యాడిది? బావ ఆలోచన జేసి, పడవ అడుగున ఈ కొస నుంచి ఆ కొసకు రాగి పట్టి పరిచిండు. పోయే వైర్లు పైన అంచు పొంటి, వచ్చే కరెంటు కింద పట్టి మీద. "కట్టెకు ఎముక ఏసిన సూడు" అని పడవను చేత్తోని తట్టిండు. దీపం ఎలిగింది, రేడియో పాడింది. కంపాసు ఒక్కటే ఆలస్యంగ వచ్చింది. పడవను మళ్ల లారీ ఎక్కించే రోజే దాన్ని బిగిచ్చినం. సుట్టూ ఇనుప సామాన్ల నడుమ ముల్లు ఎట్లున్నా ఎవరు పట్టిచ్చుకోలే.

లారీ నాగోల్ దిక్కు మళ్లే ముందు ఉప్పల్ చౌరస్తాల ఆపినం. ఇప్పుడు నెత్తి మీద మెట్రో పోతది గాని, గప్పుడు అక్కడ ఒక చాయ హోటలు, పశువుల సంత దుమ్ము, అంతే. సాబ్ పెండ్లాం పిల్లలు కార్ల వచ్చిన్రు. మా షెడ్డు ఓనర్ పూలదండ తెచ్చిండు. మా అక్క గూడ పిల్లను సంకనేసుకొని వచ్చింది.

"ఇన్ని దినాలు తిండి మర్సి ఏం జేసినవో ఒక్కపారి ఎలిగిచ్చి సూపియ్యి" అన్నది అక్క.

బావ మురిసిండు. పడవలకెక్కి స్విచ్చి ఏసిండు. కొయ్య మీద దీపం ఎలిగింది, అక్క నవ్వింది, జనం తలెత్తి సూసిన్రు. బావ మాత్రం పైకి సూడలే. స్విచ్చి పక్కనున్న కంపాసు దిక్కు సూస్తున్నడు. దీపం బంద్ జేసిండు. మళ్ల ఏసిండు. నేను పక్కనే ఉన్న, నాకు గూడ కనవడ్డది. దీపం ఎలిగినప్పుడల్లా ముల్లు ఒక పక్కకు జరుగుతున్నది.

అప్పటికి ఆ సంగతి తెల్సింది మా ఇద్దరికే. బావ నోరు మూసుకుంటే లారీ పోతుండె. ఆయన దిగి, సీదా సాబ్ ముందటికి పోయిండు.

"సాబ్, బండి మళ్లియ్యండ్రి. తప్పు నాది."

ఓనర్ మొకం మాడింది. "అరే, ముల్లు జరంత జరిగితే ఏమైతది? దండ గూడ ఏసినం. నలుగుట్ల ఇజ్జత్ తీస్తవా?" అని చెవుల అన్నడు.

"ఈడ జరంత" అన్నడు బావ, అందరికి ఇనవడేటట్టే. "ఒడ్డు కాడికి వచ్చేసరికి ఎంతైతదో నీకెరుకనా? దీపం పెట్టేదే చీకట్ల. ఆ చీకట్ల సూస్కునేది ముల్లునే. గా పిల్లలు అండ్ల కూసుంటరు."

సాబ్ పడవెక్కి తనే స్విచ్చి ఏసి, తీసి సూసిండు. కింది పట్టి సంగతి అడిగిండు. బావ చెప్పిండు.

"పోయే కరెంటు, వచ్చే కరెంటు దూరం దూరంగ నడిస్తే ముల్లును గుంజుతయి" అన్నడు సాబ్. "రెండు వైర్లు దగ్గర పెట్టి పెనవెయ్యాలె. ఒకదాని గుంజుడు ఇంకోటి కొట్టేస్తది. నేను ముందుగాలనే చెప్పాల్సి ఉండె."

"పెనవెయ్యాల్నా? తాడు లెక్కనా?"

"తాడు లెక్కనే."

బావ నా దిక్కు సూసిండు. పంటి సందుల నుంచి ఈల వచ్చింది. మేము ఎద్దులకు పలుపులు పేనుకుంట పెరిగినోళ్లం.

లారీ మళ్ల నాచారం వచ్చింది. బావ తన చేత్తోనే రాగి పట్టి ఊడబెరికిండు. షెడ్డు ఎన్క జొన్నచేను గట్టు పొంటి వైర్లు జంటలు జంటలుగ పరిచినం. ఒక కొస ఆయన, ఒక కొస నేను. ఆయన ఒక దిక్కు తిప్పితే నేను దానికి ఎదురు తిప్పాలె. వైరు పేనితే పొట్టిగైతది. పురి ఎక్కినకొద్ది అది ఇద్దరిని గుంజుతది, జర జర ముందటికి జరగాలె. జరగకుంటే తెగుతది.

"నీ మొకం సూస్కుంట నడవాల్సి వచ్చె" అన్నడు బావ.

"మా అక్క రోజూ నీ మొకమే సూస్తున్నది, ఆమెకెంతుండాలె."

"ఆమెకు అలవాటైంది. నువ్వు పురి ఇడవకు."

ఆ వైర్లేసి బిగిచ్చినంక, పడవను షెడ్డుకు దూరంగ బీట్లకు గుంజుకపోయి సూసినం. దీపం ఏసినం, రేడియో ఏసినం, అన్ని ఒక్కపారి ఏసినం. ముల్లు ఉన్న కాడనే ఉన్నది. బావ అలవాటు పొరపాటున దాన్ని గూడ చేయి పెట్టి ఊపబోయిండు, నేను ఆపిన.

చలికాలం ఎల్లినంక సాబ్ మళ్ల వచ్చిండు. సముద్రంల ఒకనాడు తెల్లారకముందే మంచు కమ్మిందట, ఒడ్డు కనవడలేదట. దీపం పెట్టుకొని, ముల్లును నమ్ముకొని రేవుకు చేరినమన్నడు. బావ కోసమని సీసల సముద్రం నీళ్లు తెచ్చిండు. బావ వేలు ముంచి నాకి, "ఉప్పెక్కువైంది" అని అక్క చేతికిచ్చిండు. రమ్మని సాబ్ ఎన్నిసార్లు పిలిచినా పోలే. ఎందుకు పోవు అని అడిగితే, "నా పని పోయొచ్చింది గద" అన్నడు.

గాని ఆ పడవ ఆయనల ఒకటి మార్చింది. మా దిక్కు మొగోడు ముందు నడుస్తడు, ఆడిది ఎన్కంగ వస్తది. బావ గూడ గట్లనే నడిచేటోడు. పడవ పోయినంక, ఆదివారం చర్చికి పోయేటప్పుడు ఆగి, అక్క వచ్చినంక పక్కపక్కన నడుసుడు మొదలుపెట్టిండు. షెడ్డోళ్లు నవ్విన్రు. నేను గూడ నవ్విన.

"ఏంది బావా, అక్కకు దారి తెల్వదా?"

"దూరం దూరం నడిస్తే ముల్లు జరుగుతది" అన్నడు.

ముసలోళ్లయినంక గూడ గట్లనే నడిచిన్రు. ఆయన మోకాళ్లు పోయినంక ఆమె ఆగేది. అంతే తేడా.

మట్టిచ్చి వచ్చినంక కొన్నాళ్లకు అక్క నన్ను పిలిచింది. వాకిట్ల దీపం మినుకుమంటున్నది, వైరు పాడైందన్నది. ఆ వైరు బావ పేనిందే. ఎండకు దాని తోలు పెళుసెక్కింది. కొత్త వైరు కొనుకొచ్చిన. రెండు వరుసలు సమంగ పట్టిన. అవతలి కొస పట్టనీకె మనిషి లేడు. అక్క చేతులు వణుకుతయి.

వాకిట్ల ఆయన కుర్చీ అట్లనే ఉన్నది. తీసి లోపల పెట్టనియ్యలే అక్క. తేలిక ప్లాస్టిక్ కుర్చీ. దాని చేతికి ఆ కొస కట్టి, నేను గేటు కాడికి వచ్చి పేనుడు మొదలువెట్టిన. పురి ఎక్కుతున్నది. నేను నిలవడ్డ కాడనే నిలవడ్డ, మోకాళ్లు నాకు గూడ బాగలేవు. వైరు బిగుసుకున్నది. తెగుతదేమో అనుకున్న.

తెగలే. నున్నటి బండల మీద కుర్చీ జరంత నా దిక్కు జరిగింది.

అక్క కడప మీద కూసుని సూస్తున్నది. నేను చేయి ఆపిన.

"ఆపకురా" అన్నది. "ఇంకో రెండు పురులు పెట్టు."