అమీర్‌పేటలో అమెరికా డిటెక్టివ్

పోలీస్ స్టేషన్‌కు కొందరిని లాక్కెళ్తారు. కొందరు కాళ్లు వణుకుతుండగా వాళ్లే వెళ్తారు. నేను మాత్రం ఆటో మాట్లాడుకుని, కాలరు ఎగరేసుకుని, పెళ్లికి వెళ్లినంత ఉత్సాహంగా వెళ్లాను. ఎలా బయటికొచ్చానో చెప్పడానికే ఈ కథంతా.

తప్పు నాది కాదు, సినిమాలది. అన్ని సినిమాలదీ కాదు. డెబ్బైల్లో అమెరికావాళ్లు తమ నగరాల మీద తీసుకున్న సినిమాలది.

అవి చూడనివారి కోసం రెండు ముక్కలు చెబుతాను. వాటిలో ఊరు మురికిగా ఉంటుంది. ఆకాశం ఎప్పుడూ ఉతకని లుంగీ రంగులో ఉంటుంది. హీరోకి గడ్డం ఉంటుంది, నిద్ర ఉండదు, పెళ్లాం ఎప్పుడో వదిలేసి వెళ్లిపోయి ఉంటుంది. అతను డిటెక్టివ్ అయితే కార్లో కూర్చుని నిన్నటి బన్ను నములుతూ ఎదురింటి కిటికీ వైపు గంటలకొద్దీ చూస్తుంటాడు. పాటలుండవు. కొట్టబోయే ముందు ఎవరూ తొడగొట్టి చెప్పరు. న్యాయం గెలుస్తుందన్న హామీ లేదు. ఒక్కోసారి హీరో పట్టుకున్నది అసలు దొంగనే కాదని చివర్లో తేలుతుంది. ఈ ఆఖరి సంగతి మీద నేను పెట్టాల్సినంత శ్రద్ధ పెట్టలేదు.

తెనాలి కుర్రాడికి ఇందులో ఏం నచ్చిందయ్యా అంటారా? మన హీరోకి ఊరు ఊరంతా దండం పెడుతుంది. ఆ హీరోని ఊరు పట్టించుకోదు. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. అమీర్‌పేటలో నలుగురం సర్దుకునే హాస్టల్ గదిలో ఉంటూ, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేస్తూ, వెళ్లిన ప్రతి ఇంటర్వ్యూ నుంచీ తిరిగొచ్చేస్తున్న రోజులు. ఊరు పట్టించుకోని హీరో నాకు సొంత అన్నయ్యలా కనిపించాడు. ఓడిపోవడంలో కూడా ఒక దర్జా ఉందని ఆ సినిమాలు చెప్పాయి. మా ఇన్‌స్టిట్యూట్‌వాళ్లు ఆ మాట ఒక్కనాడూ చెప్పలేదు.

పైగా అమీర్‌పేట అచ్చం ఆ సినిమాల్లాగే ఉండేది. నెత్తిమీద మెట్రో రైలు దడదడ, కింద స్తంభాల నీడలో హారన్లు, ఎవరి మొహంలోనూ నవ్వు లేదు. అక్కడ రోడ్డు మీది మ్యాన్‌హోల్ మూతల్లోంచి ఆవిరి లేస్తే, ఇక్కడ ఇడ్లీ పాత్రల్లోంచి లేచేది. నేను మే నెలలో కాలరు పైకి లేపుకుని తిరిగేవాణ్ణి. మెడచుట్టూ చెమటకాయలు లేచాయి. డిటెక్టివన్నాక కష్టాలుంటాయి కదా అని సరిపెట్టుకున్నాను.

ఆ రోజు పన్నెండింటికి ఇంటర్వ్యూ. ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ నల్ల బ్యాగులో సర్దుకుని పొద్దున్నే టిఫిన్‌కు దిగాను. ఆ బ్యాగు మా ఇన్‌స్టిట్యూట్‌ది. ఫీజు కట్టిన ప్రతివాడికీ ఒకటి ఇచ్చేవారు. నిలబడి తినే టిఫిన్ సెంటర్ కాబట్టి బ్యాగు గోడవార పెట్టి, ఒక చేత్తో ఇడ్లీ, ఇంకో చేత్తో ఫోన్లో సినిమా కానిచ్చాను. సినిమాలోంచి కళ్లు తీయకుండానే చెయ్యి కడుక్కుని, బ్యాగు తగిలించుకుని, రోడ్డు దాటి ఎదురుగా టీ బండి దగ్గర నిలబడ్డాను.

అప్పుడు చూశాను అతన్ని.

నలభై అయిదేళ్లుంటాయి. దట్టమైన మీసం, గళ్ల చొక్కా. టిఫిన్ సెంటర్‌లో గోడవార వంగి వెతుకుతున్నాడు. తినేవాళ్ల కాళ్ల సందున చూస్తున్నాడు. చివరికి అక్కడున్న ఒక నల్ల బ్యాగు జిప్పు లాగి లోపలికి తొంగి చూసి ఉలిక్కిపడ్డాడు. చటుక్కున మూసేశాడు. అటూ ఇటూ చూసి, బ్యాగు చంకనపెట్టుకుని, పరుగున వెళ్లి ఆటో ఎక్కాడు.

నా బుర్ర మెరుపులా పనిచేసింది. తన బ్యాగు తానే తెరిచి చూసుకుని ఎవడైనా అలా ఉలిక్కిపడతాడా? కాబట్టి ఆ బ్యాగు అతనిది కాదు. కాబట్టి దొంగ!

ఈ తర్కంలో ఇప్పటికీ నాకు లోపం కనిపించదు. లోపం వేరేచోట ఉంది.

టీ సగంలో వదిలేసి, వస్తున్న ఆటోలో దూకాను. డ్రైవరు కాజా భాయ్. పేరు ఆటో వెనక పెద్దక్షరాల్లో రాసుకున్నాడు.

"ఆ ముందు ఆటోని ఫాలో అవ్వండి!" ఈ మాట అనడం కోసం నేను ఏడాదిగా కాచుకుని ఉన్నాను.

"ఏడికి పోవాలె, భాయ్?"

"ఆ ఆటో ఎక్కడికి వెళ్తే అక్కడికి."

కాజా భాయ్ వెనక్కి తిరిగి నన్ను ఎగాదిగా చూశాడు. "మరి గా ఆటోలనే ఎక్కకపోయినవ్? సీటు ఖాళీగనే ఉండె గద."

ఇలాంటి ప్రశ్న ఆ సినిమాల్లో ఎవరూ వేయగా నేను వినలేదు.

ఛేజింగ్ మొదలైంది. మొదలై, పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆగిపోయింది. అక్కడ ట్రాఫిక్ సంగతి తెలిసిందే. పారిపోయేవాడూ తరిమేవాడూ ఒకే వేగంతో, అంటే ఏ వేగమూ లేకుండా, జానెడు దూరంలో పక్కపక్కన నిలిచారు. నేను గబుక్కున బ్యాగు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాను. గళ్ల చొక్కా మనిషి ఇటు చూడలేదు. ఫోన్లో ఎవరినో బతిమాలుతున్నాడు.

"సార్, ఫికర్ జెయ్యకున్రి. మాల్ దొరుకుతది. ముసలామెను జర ఆగుమనున్రి."

మాల్! ముసలామె! అంటే దీని వెనక ఒక ముఠా ఉంది. దాని నాయకురాలు ఒక ముసలామె. బ్యాగు ఇంకాస్త పైకి జరిపాను.

ఈలోగా కాజా భాయ్ పక్క ఆటో డ్రైవరుతో కబుర్లలోకి దిగాడు. "ఏం భాయ్, ఏడికి?"

"స్టేషన్‌కు పోతున్న."

"అచ్ఛా! మేం సుత మీ వెనకనే వస్తున్నం."

"మెల్లగా భాయ్!" అని నేను బ్యాగు చాటునుంచి బతిమాలాను. స్టేషన్ అంటే నాంపల్లి స్టేషనే. రైలెక్కి రాష్ట్రం దాటేస్తున్నాడు!

గ్రీన్ సిగ్నల్ పడింది. ముందు ఆటో నాంపల్లి దాకా పోలేదు. కాసేపటికే ఒక గేటు ముందు ఆగింది. అది పోలీస్ స్టేషన్. వాడు సరాసరి లోపలికి వెళ్లిపోయాడు. నేను ఒక్క క్షణం తటపటాయించాను. అప్పుడు వెనక్కి తిరిగి ఉంటే ఈ కథ లేదు, నా పరువు నాకుండేది. కానీ డిటెక్టివులు వెనక్కి తిరగరు.

లోపల బల్ల వెనక ఎస్సై ఉంది. నడివయసు మనిషి, నెమ్మదైన మొహం. గళ్ల చొక్కా ఆమె ఎదుట నిలబడి ఉన్నాడు. బ్యాగు బల్ల మీద ఉంది.

"మేడమ్! ఇతన్ని వదలకండి!" అని గుమ్మంలోంచే అరిచాను. "అమీర్‌పేట నుంచి ఫాలో అవుతున్నాను. ఆ బ్యాగు ఇతనిది కాదు!"

"అవ్, నాది కాదు," అన్నాడతను. "గదే చెప్తున్న మేడంకు. నా బ్యాగు ఎవడో ఎత్కపోయి గిది ఇడిసిపెట్టిండు."

నేరస్తుడు ఇంత తొందరగా ఒప్పుకోవడం నాకు కాస్త నిరాశ కలిగించింది.

ఎస్సై నన్ను చేత్తోనే ఆగమని, అతన్ని అడిగింది. "నీ బ్యాగుల ఏమున్నయ్, నర్సింగ్?"

"పండ్లు మేడం. ఆరు జతలు."

నేను నవ్వాను. తెనాలిలో పండ్లంటే అరటివి, జామవి. "విన్నారా మేడమ్! పండ్లు డజన్లలో ఉంటాయి గానీ జతల్లో ఉంటాయా? అబద్ధం ఎక్కడ బయటపడుతుందో చూడండి!"

ఎస్సై బల్ల మీది బ్యాగు తెరిచి, ఒక ఫైలు తీసి, మొదటి కాగితం చదివింది. "వెంకట శివ నాగ కిరణ్ కుమార్ అంటే ఎవరు?"

"నేనే! నా పేరు మీకెలా తెలుసు మేడమ్?" అన్నాను అమాయకంగా.

ఆమె కాగితం నావైపు తిప్పింది. దాని మీద ఫొటోలో నేనే ఉన్నాను, ఇంటర్‌లో దిగిన ఫొటో, దువ్వుకున్న జుట్టుతో.

"మరి నీ బుజానికున్నది ఎవరి బ్యాగు, కిరణ్?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడని సామెత. నేను గుమ్మడికాయను భుజానికి తగిలించుకుని, ఆసామిని వెంబడించి, ఠాణాకు మోసుకొచ్చాను. జిప్పు లాగాను. ఆరు గాజు డబ్బాలు. ఒక్కోదానిలో గులాబీరంగు చిగుళ్లతో సహా పైవరసా కిందివరసా. ఆరు నోళ్లు ఒక్కసారి నన్ను చూసి నవ్వాయి.

నర్సింగ్ ఒక పళ్ల డాక్టరు దగ్గర, కట్టుడు పళ్లు చేసే ల్యాబులో పనిచేస్తాడట. ఆ పొద్దున అతనూ అక్కడే టిఫిన్ తింటూ బ్యాగు నా బ్యాగు పక్కనే పెట్టాడట. ఆ బ్యాగు వాళ్లబ్బాయి మా ఇన్‌స్టిట్యూట్‌లో చదివినప్పటిదట.

"పన్నెండేండ్ల సంది నౌకరి జేస్తున్న," అంది ఎస్సై. "దొంగ ఆటో మాట్లాడుకొని మాల్ తెచ్చిచ్చుడు గిదే ఫస్టు." వెనకాల కానిస్టేబుల్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అతని భుజాలు కదులుతున్నాయి.

బ్యాగులు మార్చుకుని బయటికొచ్చాం. పదకొండుంబావు. ఇప్పుడు బయల్దేరినా ఇంటర్వ్యూ అందుతుంది. నర్సింగ్ మాత్రం కదల్లేదు.

"తమ్మీ, పొద్దటి సంది క్లినిక్‌ల ఒక ముసలామె కూసున్నది. ఇయ్యాల మనుమరాలి పెండ్లి. పండ్లు లేకుంట ఫొటో దిగనని నోరు మూస్కొని కూసున్నది. నేను జెప్తే మా సార్ నమ్మడు, తాగిండనుకుంటడు. నువ్వొచ్చి ఒక్క మాట జెప్పు. లేకుంటే నా నౌకరి పోతది."

అంతవరకూ నాకు అది తమాషాగానే ఉంది. అతని కళ్లల్లో నీళ్లు చూశాక తమాషా పోయింది. ఇంటర్వ్యూ ఇంకోటి వస్తుందనుకుని అతనితో నడిచాను.

క్లినిక్‌లో పట్టుచీర కట్టుకున్న ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కుర్చీలో ఉంది. నర్సింగ్ వాళ్ల డాక్టరు సార్ ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. నేను చేతులు కట్టుకుని జరిగిందంతా ఒప్పుకున్నాను. ముసలామె ఒక్క మాట మాట్లాడకుండా, కళ్లు చికిలించి, ప్రతి అక్షరమూ విన్నది. డాక్టరు పళ్లు కడిగి, అమర్చి, దవడ సరిచేశాడు.

"అమ్మా, ఇప్పుడు జర ఏదన్న మాట్లాడున్రి. అక్షరాలు మంచిగ పలుకుతున్నయా చూస్త."

ఆమె కొంగు తీసింది. దవడ రెండుసార్లు ఆడించింది. వేలు నావైపు చూపించింది.

"గీ పోరడేనా, నా పండ్లెత్కపోయిన దొంగ?"

డాక్టరు మొహం వెలిగిపోయింది. "శభాష్! 'ద' మస్తు పలికింది! ఇంకోసారి అనున్రి!"

"దొంగ!"

"జర గట్టిగ. పైవరస కదులుతున్నదేమో చూడాలె."

"దొంగ! దొంగ! దొంగ!"

వెయిటింగ్ రూములో పేషెంట్లంతా లేచి గుమ్మంలోకి వచ్చారు. పైవరస ఇసుమంతైనా కదల్లేదు.

నర్సింగ్ ఉద్యోగం నిలబడింది. నా ఇంటర్వ్యూ పోయింది. కొన్నాళ్లకు వేరేచోట ఉద్యోగం వచ్చింది, తప్పులు పట్టుకునే ఉద్యోగం. ఇతరులవి.

కాబట్టి పెద్దలందరి సాక్షిగా, స్కౌట్ పిల్లాడిలా మూడువేళ్లు పైకెత్తి ప్రమాణం చేస్తున్నాను. ఆ సినిమాలు చూడటం మానను, అది నావల్ల కాదు. కానీ ఇకమీదట ఈ భూమ్మీద ఎవరి వెంటా పడను. నా కళ్లెదుటే ఎవరైనా చార్మినార్‌ను చంకనపెట్టుకుని పరిగెత్తినా సరే, టీ పూర్తిగా తాగేదాకా కదలను.