పడని వానకు కప్పిన బరకాలు

మా ఊరికి సముద్రం కనిపించదు. బాపట్ల వైపు ఇసుక నేలల వాళ్ళకి అది చేపలిస్తుంది, రొయ్యలిస్తుంది, ఆదివారమైతే కార్లలో జనాన్ని కూడా రప్పిస్తుంది. అద్దంకి దగ్గర నల్లరేగడిలో బతికే మాకు మాత్రం మబ్బుల్ని పంపిస్తుంది. అదీ సరిగ్గా కాయ కల్లంలో ఆరుతున్నప్పుడే. మా వైపు కాయంటే మిర్చే, ఇంకోటి కాదు.

చేను మాది కాదు. మంగళగిరిలో ఉండే ఒకాయన పొలాన్ని అమ్మా నాన్నా ఏళ్ళ తరబడి కౌలుకి చేసేవాళ్ళు. ఉగాది లోపల వచ్చే ఏటి కౌలు ఆయన చేతిలో పెట్టాలి. పెట్టలేకపోతే చేను ఇంకొకరికి పోతుంది. కల్లంలో కాయ మంచి ధరకి పోతేనే చేను మాకు నిలిచేది.

ఒక ఏడు కల్లంలో కాయ వానకి తడిసిపోయింది. అమ్మ ఆ దెబ్బ మర్చిపోలేదు. మరుసటేడు నేను ఒంగోలు బట్టల షాపులో సెలవు పెట్టి సాయానికి వచ్చాను. కోసి ఆరబోసిన కాయ ఇంకా సగమే ఎండింది. అంతలో ఊళ్ళో ఫోన్లన్నీ మోగాయి: వాయుగుండం, తీరమంతా భారీ వానలు. తూర్పున మబ్బు కమ్మింది. కల్లాల్లో జనం ఒకటే ఉరుకులు.

"కప్పొద్దే, కాయలో ఇంకా పచ్చి ఉంది. బరకం కింద ఉడికిపోద్ది," అన్నాడు నాన్న.

"పోయినేడూ ఇట్టాగే వద్దన్నావుగా! వాన రాకడ, ప్రాణం పోకడ ఎవడికి తెలుసయ్యా? పట్టు ఆ కొస!" అంది అమ్మ.

కాయ కుప్ప చేసి, బరకాలు కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టాం. ఊరంతా అదే పని చేసింది. "యేసయ్యా, ఈ ఒక్కసారి గట్టెక్కించు," అంటూ అమ్మ కల్లంలోనే మోకరించింది.

వాన పడింది. చీరాలలో పడింది, బాపట్లలో రోడ్ల మీద నీళ్ళు పారాయని టీవీలో చూపించారు. మా ఊళ్ళో ఒక్క చుక్క పడితే ఒట్టు! పోనీ మబ్బయినా కదిలిందా అంటే అదీ లేదు. బరకం తీద్దామనుకునేసరికి ఉరిమేది. చివరికి ఎండ కాసి బరకం ఎత్తితే ఆవిరి మొహానికి కొట్టింది. ఎర్రటి కాయ మచ్చలు పడి తెల్లగా పాలిపోయింది. దాన్నే తాలు అంటారు. నాన్న బరకం దులిపి మడత పెట్టాడు. తిట్టినా బాగుండేది.

గుంటూరు యార్డులో కొనేవాడు గుప్పెడు కాయ తీసి చూసి, "సగం తాలేగదండీ," అని చేతులు దులుపుకున్నాడు. వచ్చిన ధర కోత కూలీలకే చాల్లేదు.

వాన పడి తడిస్తే నష్టం రాసుకుపోవడానికి ఆఫీసు మనిషైనా వస్తాడు. పడుతుందేమోనని భయపడి పాడుచేసుకున్న వాళ్ళ కోసం ఎవడొస్తాడు? ముందటేడు వచ్చినతను రాసుకున్నదీ పొలం ఆసామి పేరే. వాన తడిపినా, తడపకపోయినా మాకు ఒరిగింది సున్నా.

గడువు ఇవ్వమని నాన్న మంగళగిరికి ఫోన్ చేసి బతిమాలాడు. "మీ కష్టం నాకు తెలీదా? కానీ వేరేవాళ్ళు కౌలు తెచ్చి ముందే పెట్టారు మరి," అన్నాడాయన. తెలుసట! ఆయన ఏనాడూ ఆ చేలో కాలు పెట్టిన పాపాన పోలేదు.

ఆ పై ఏడు కోతలప్పుడు ఆ చేను చేస్తున్న కొత్త కౌలుదారు కూలీలకి కబురు పెట్టాడు. అమ్మ వెళ్ళింది. సెలవుకి ఊరొచ్చిన నేను మధ్యాహ్నం అన్నం క్యారేజీ తీసుకెళ్ళేసరికి అతను గట్టు మీద నుంచి అరుస్తున్నాడు, "ఏమ్మోయ్, ఆ సాలులో కాయ వదిలేస్తున్నావు, కళ్ళు కనపడట్లేదా?"

ఆ సాళ్ళన్నీ ఏటా నాగలి వెనకే నడిచిన మనిషి. "కోస్తానండీ," అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. సాయంత్రం ఇంటికొచ్చాక నిలదీశాను: "ఊళ్ళో ఇన్ని చేలుండగా ఆ చేలోకే ఎందుకు పోయావే? సిగ్గులేదా?"

అమ్మ కోతకి మండుతున్న చేతులు మజ్జిగలో ముంచి కూర్చుంది. నా వైపు చూడలేదు.

"కాయ ఎట్టా కాసిందో చూద్దామని పోయానే," అంది. "బాగా కాసింది."