తలకిందుల గడియారం

మా అత్తగారి దగ్గర ఒక గడియారం ఉందని నాకు పెళ్లయిన రెండేళ్లకు గానీ తెలియలేదు. డెబ్బైల మొదటి రోజులవి. నేను చోడవరంలో ఎలిమెంటరీ స్కూలు టీచర్ని. మా ఆయన పంచదార ఫ్యాక్టరీలో గుమాస్తా. చెరకు ఆడే నెలల్లో ఇంటిపట్టున ఉండేవారు కాదు. మామగారు అప్పటికే పోయారు. ఇంట్లో మిగిలేది మేమిద్దరమే.

మాకు ఒకరి మీద ఒకరికి నమ్మకం తక్కువ. నేను బడి నుంచి రాగానే నా ట్రంకుపెట్టె తాళం లాగి చూసుకునేదాన్ని. ఆవిడ గడప దాటితే తన గది గొళ్లేనికి దారం ముడివేసి వెళ్లేది, ఎవరైనా తీస్తే తెలిసిపోవాలని.

నేను కడుపుతో ఉన్నప్పుడు నాలుగో నెలలో జ్వరం తగిలింది. ఒక మధ్యాహ్నం మెలకువ వచ్చేసరికి అత్తగారు మంచం అంచున కూర్చుని నా మణికట్టు పట్టుకుని ఉంది. కళ్లు ఒళ్లో దేన్నో చూస్తున్నాయి. పెదాలు కదులుతున్నాయి. నేను కదలగానే చెయ్యి వదిలేసి, ఒళ్లోది కొంగులోకి తోసేసింది.

"ఏం చూస్తున్నారు అత్తమ్మా?"

"ఏటీ లేదు. ఒళ్లు కాల్తందేమోనని సూసేను. పడుకో."

ఒళ్లు కాలుతోందో లేదో చూడ్డానికి నుదుటి మీద చెయ్యి వేస్తారు. పెదాలు కదపడం దేనికి? ఆవిడ వెళ్లాక ముందు నా బంగారు గాజులు తడుముకున్నాను. ఉన్నాయి. అయినా మంత్రమేదో వేస్తోందన్న అనుమానం పట్టుకుంది.

జ్వరం తగ్గాక, ఆవిడ రావికమతంలో చుట్టాలింటికి వెళ్లిన రోజున దారం ముడి విప్పాను. పెట్టె అడుగున పౌడరు డబ్బాలో, పాత గుడ్డపీలికలో చుట్టి ఉంది గడియారం. రూపాయి బిళ్ల కన్నా కాస్త పెద్దది. పట్టీ లేదు, గొలుసు లేదు. పైన చిన్న పిన్ను, దానికి వేలాడుతోంది. పిన్ను పట్టుకుని ఎత్తి చూస్తే పన్నెండు కిందకి, ఆరు పైకి ఉన్నాయి. వెనక ఇనపరేకు మీద పదిహేడు అని అంకె చెక్కి ఉంది. టిక్కుటిక్కుమని నడుస్తోంది. అంటే ఆవిడ రోజూ కీ ఇస్తోందన్న మాట.

అది పట్టుకుని బజార్లో గడియారాలు బాగుచేసే ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన కంటికి భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"డయలు తలకిందులు బిగించేరమ్మా. మగోళ్లు పెట్టుకునేదీ కాదు, ఆడోళ్లు పెట్టుకునేదీ కాదు. ఈ నంబరేటి? ఏ ఆఫీసుదో, రైల్వేదో అయుంటాది. ఎక్కడిదిది?"

"మా నాన్నగారిది," అని అబద్ధమాడాను.

"అలగా," అని గడియారం నా చేతిలో పెట్టేసి, తలుపు వైపు చూశాడు. "నాకొద్దమ్మా. నంబర్లున్నయి నేను ముట్టుకోను."

ఇంటికొచ్చి దాన్ని ఎక్కడిదక్కడ పెట్టి, ముడి ఆవిడ వేసినట్టే వేశాననుకున్నాను. మర్నాటి నుంచి ఆవిడ నాతో మాట్లాడలేదు. నేను పెట్టిన కాఫీ తాగలేదు. వారం రోజులు తన నీళ్లు తనే తోడుకుంది.

ఆ నెలాఖరున ఆసుపత్రికి వెళ్లాను. క్రిస్టియన్ నర్సమ్మ ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, తన గుండెల మీద పిన్నుతో వేలాడుతున్న గడియారాన్ని వేలితో ఎత్తి తల వంచి చూసుకుంది. ఎదురుగా ఉన్న నాకు అంకెలు తలకిందులుగా కనిపించాయి. ఆవిడకి మాత్రం సరిగ్గానే ఉన్నాయి. పెదాలు కదుపుతూ నాడి లెక్కపెడుతోంది.

"దీని వెనక నంబరుంటుందా సిస్టర్?"

"మా ట్రైనింగులో ఇచ్చినవాటికి ఉండేది. వెళ్లిపోయేటప్పుడు తిరిగి ఇచ్చెయ్యాలి. ఎందుకమ్మా?"

ఎందుకూ లేదన్నాను.

ఇంటికి రాగానే, వంటింట్లో బియ్యం ఏరుతున్న అత్తగారి ఎదుట కూర్చున్నాను. "అత్తమ్మా, మీరు నర్సు పని నేర్చుకున్నారా?"

చేట కింద పెట్టింది. "ముడి ఇప్పింది నువ్వేనని నాకు తెల్సు. నా కొడుక్కి సెప్పేవా?"

"లేదు."

"సెప్తావేటి?"

"చెప్పను."

అప్పుడు చెప్పింది. వాళ్ల మేనమామ ఒక మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. ఆయనే తనని ట్రైనింగులో చేర్చాడు. ఎనిమిది నెలలు చేసింది. ఈ సంబంధం కుదిరిందని తండ్రి వచ్చి వార్డులోంచే తీసుకుపోయాడు. నలుగురినీ ముట్టుకునే పని చేసిందని తెలిస్తే మగపెళ్లివారు ఒప్పుకోరని ఆ ముక్క దాచిపెట్టారు. రవికెకి గుచ్చుకున్న గడియారం సంగతి ఇల్లు చేరాక గానీ చూసుకోలేదు. తిరిగి పంపిస్తే ఊరంతా తెలుస్తుందన్నాడు తండ్రి.

"దొంగసొత్తు కదే," అంది. "ఈదిలోకి పోలీసోడొస్తే నాకోసమేననుకున్నాను, ఇన్నేళ్లూను."

ఆవిడ అడిగితేనే ఆ ఆసుపత్రికి ఉత్తరం రాశాను, మా స్కూలు అడ్రసుతో. నెల దాటాక జవాబొచ్చింది. ఆ కాలం నాటి రిజిస్టర్లు తమ దగ్గర లేవట, గడియారం ఆవిడనే ఉంచుకోమన్నారు. సంతోషిస్తుందనుకుని గబగబా ఇంటికెళ్లి చదివాను.

"ఊరికే ఉంచుకోమంటారేటి? మళ్లీ సదువు."

మళ్లీ చదివాను.

"సంతకం ఉందా? సీలుందా?"

రెండూ చూపించాను. వేలితో సీలు తడిమి చూసి, మడతపెట్టి రవికెలో దోపుకుంది. "ఉత్తరం ఎవరు అందుకుంటారో సూసి, మనం ఎక్కడున్నామో తెలుసుకోడానికి ఇలగ రాసుంటారు," అంది.

ఆవిడ ఆ ఉత్తరాన్ని నమ్మలేదు. నన్నూ నమ్మలేదు. తర్వాత చాలా ఏళ్లు, నేనూ మా ఆయనా గొంతు తగ్గించి ఏ పిల్లల జ్వరం గురించో మాట్లాడుకుంటున్నా, ఏదో వెతుక్కునే నెపంతో గదిలోకి వచ్చి నా ముఖం చూసి వెళ్లేది. ఆవిడ బతికున్నంతకాలం నేను ఆయనకు చెప్పలేదు.